ఆరో డిస్కు చీటీ

ఆవిడ సినిమా నిలబడి చూసేది.

గదిలో రెండు కుర్చీలు, ఒక మంచం ఉండగానే, వంటగది గుమ్మానికి భుజం ఆనించి, చేతిలో గరిటో చాటో పట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడేది. పది నిమిషాలకోసారి కాలు మార్చేది. మధ్యలో పొయ్యి దగ్గరికెళ్ళి కూర కలిపి వచ్చేది. "కూర్చోండి సిస్టరమ్మగారూ" అంటే, "కూకుంటే గేటు సప్పుడు వినబడదే" అనేది. ఆవిడ చెవి ఒకటి ఎప్పుడూ వీధిలోనే ఉండేది.

ఆవిడ లేదన్న సంగతి మొన్న మంగళవారం దాకా నాకు తెలియదు. ఆ పొద్దున్న ఆవిడ తమ్ముడు విజయనగరంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో పాత బిస్కెట్ల రేకు డబ్బా. కుర్చీ అంచున కూర్చుని, "అక్క పోయి నెలయినాదమ్మా. ప్రార్థన కూడిక కూడా అయిపోనాది. బీరువా సర్దుతుంటే ఇది కనబడినాది. పైన మీ పేరున్నాది" అన్నాడు. మూత మీద తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద నీలం సిరాతో 'టీచరమ్మకి' అని ఉంది. మందు సీసాలకి అంటించినట్టు ఇంట్లో అన్నిటికీ ప్లాస్టరు అంటించి పేరు రాయడం ఆవిడ అలవాటు. పప్పు డబ్బాకీ, ఉప్పు డబ్బాకీ, ఆఖరికి టీవీ రిమోటుకి కూడా.

లోపల ఏముందో నాకు తెలుసు. తెలిసే నాలుగు రోజులు మూత తియ్యలేదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. మేడ ఎక్కి దిగాను. కాలేజీలో పాఠం మధ్యలో ఆగి ఏం చెబుతున్నానో పిల్లల్నే అడిగాను. "కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు? తెరిచి చూడరాదూ" అని మా ఆయన విసుక్కున్నాడు. తెరవడం ఆయనకి తేలికే.

2010లో కోటబొమ్మాళిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పడానికి చేరినప్పుడు ఆవిడ ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. ఊరందరికీ ఆవిడ సిస్టరమ్మ. మిషన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుగా చేసి రిటైరైంది. నేను చేరిన రెండో రోజే తలుపు కొట్టి, "ఒసే టీచరమ్మా, నీకు ఇంగ్లీషు వస్తాది కదా, ఇలగ రా. ఈడేటంతన్నాడో సెప్పు" అని నన్ను లాక్కెళ్ళి టీవీ ముందు కూర్చోబెట్టింది. తెర మీద వెండి రంగు బట్టలేసుకున్న మనిషొకడు కిటికీలోంచి చుక్కల్ని చూసి దిగులు పడుతున్నాడు. "ఇంటికి ఎంత దూరం వచ్చేశామో అంటున్నాడండీ" అన్నాను. "అదే అనుకున్నాను. మొకం సూస్తే తెలస్తన్నాది" అంది.

ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట విదేశాల్లో తీసిన సినిమాలవి. ఆరు భాగాలు. ఉన్న ఊరు పోగొట్టుకున్న కొంతమంది ఒక ఓడలో చుక్కల మధ్య తిరుగుతూ, దిగడానికి కాస్త నేల కోసం వెతుకుతుంటారు. ప్రతి భాగంలోనూ ఒక చోటు దొరికినట్టే ఉంటుంది, ఏదో ముంచుకొస్తుంది, మళ్ళీ ఎగిరిపోతారు. ఓడని దారానికి కట్టి వేలాడదీశారని తెలిసిపోతూనే ఉంటుంది. గ్రహాల మీద బండరాళ్ళు తంతే బంతుల్లా దొర్లుతాయి. నాకు నవ్వొచ్చేది. ఆవిడకి రాదు.

నర్సు ట్రైనింగులో ఉండగా, ఆసుపత్రిలో ఎవరో దొరసాని రెండు మంచం దుప్పట్లు కలిపి కుట్టి తెరకట్టి, దాని మీద మొదటి సినిమా వేసిందట. సరిగ్గా ఓడ దిగబోతుండగా వార్డు నుంచి ఆయా వచ్చి ఈవిడ భుజం తట్టింది. "కాళ్ళు బయటికొచ్చేయే ఓడకి. ఇంక నేల తగులుతాది. అప్పుడే లేసి వెళ్ళిపోనాను. కవలలు. తిరిగొచ్చేసరికి దుప్పట్లు మడతెట్టేస్తన్నారు." దిగిందో లేదో తోటివాళ్ళని అడగలేదా అన్నాను. "అడిగితే సెప్పీసీవోరే. నాకు సెప్పించుకోడం కాదు, సూడాల" అంది.

రిటైరయ్యాక ఆవిడ తనకంటూ పెట్టుకున్న ఆశ అదొక్కటే. ఆరు భాగాలూ సంపాదించి, ఆ ఓడ చివరికి దిగిందో లేదో తన కళ్ళతో, మధ్యలో లేచి వెళ్ళకుండా చూడాలి.

సంపాదించడం ఎలాగో అలా అయింది. మొదటిది నేను రాకముందే ఉంది. రెండోది శ్రీకాకుళంలో ఫుట్‌పాత్ మీద దొరికింది. మూడోది కళింగపట్నంలో, ఎండు చేపలకి వెళ్ళినప్పుడు, విదేశీ ఓడల్లో పనిచేసి వచ్చిన ఒకాయన ఇంట్లో కనబడింది. ఆయన కూతురికి బొడ్డు కోసింది ఈవిడే, కాబట్టి అడగగానే ఇచ్చేశాడు. ఆ డిస్కు పెట్టెకి ఎన్నాళ్ళయినా చేపల వాసన పోలేదు. నాలుగో భాగం ఎంత వెతికినా హిందీలో తప్ప దొరకలేదు. మూడు భాగాలు ఇంగ్లీషు మాట్లాడినవాళ్ళు ఉన్నట్టుండి హిందీలో పోట్లాడుకుంటుంటే, "ఓడ ఢిల్లీ మీదుగా వచ్చినట్టున్నాది" అంది. అన్నీ పాత డిస్కులే, గీతలు పడినవే. పెట్టే ముందు ఒక్కోదాన్ని వెలుతురుకి పట్టి చూసి, దూదిని స్పిరిట్లో ముంచి, నడిమి నుంచి అంచుకి ఒకే వైపు తుడిచేది. అటూ ఇటూ రుద్దితే పుండు రేగుతుంది అన్నట్టు ఉండేది ఆ తుడవడం. ఇంటినిండా ఆసుపత్రి వాసన.

అయిదో భాగంలో ఓడలో ఒకావిడ ప్రసవిస్తుంది. ఆ సీనుకి మటుకు సిస్టరమ్మకి ఒళ్ళు మండేది.

"ఆ కడుపు సూడు, తలగడ కట్టీసేరు. నొప్పులొచ్చిన మనిషి అలగ తిన్నగా పడుకుంటాదేటి? ఆ డాక్టరమ్మ సేతులు కడుక్కోలేదు, నాను సూస్తన్నాను."

"చుక్కల్లో తిరిగేవాళ్ళకి నీళ్ళెక్కడివండీ" అన్నాను.

"ఎక్కడ తిరిగినా బిడ్డ బిడ్డే కదే!" అని నా మీద గరిటె ఎత్తింది.

మధ్యలో వెళ్ళకుండా చూడడమే కుదిరేది కాదు. అప్పటికి 108 బండి ఉంది, టెక్కలిలో పెద్దాసుపత్రి ఉంది, ఇళ్ళలో కాన్పులు దాదాపు లేవు. అయినా బయల్దేరే ముందు ఆవిడ వచ్చి కడుపు మీద చెయ్యేసి చూడాలి. "ఇంకా టైమున్నాది, అన్నం తిని బయల్దేరండి" అనో, "బేగి, బేగి" అనో ఆవిడ అంటే గాని ఆ వీధుల్లో ఎవరూ కదిలేవారు కాదు. బేగి అన్న రోజు తను కూడా ఆటో ఎక్కేది. దారిలోనే అయిపోతే పట్టుకోవడానికి ఆవిడ చేతులున్నాయి.

వాళ్ళు పిలిచే తీరు కూడా వేరు. నొప్పులు మొదలయ్యాయని వీధిలో పైకి అనరు, దిష్టి తగులుతుందని. గేటు పట్టుకుని, "సిస్టరమ్మా, ఓపాలి రమ్మన్నారు" అంటారు. ఒకసారి రమ్మన్నారని, అంతే. జ్వరానికొచ్చినవాళ్ళు జ్వరమంటారు, సూదిమందుకొచ్చినవాళ్ళు మందు చూపిస్తారు. ఏమీ చెప్పకుండా రమ్మన్నారంటేనే అది కాన్పు. నేను విజయనగరం మనిషిని, కొత్తలో నాకు తెలియలేదు. రెండు నెలల్లో తెలిసిపోయింది. ఈ సంగతి ఇక్కడ గట్టిగా రాసుకోవాలి, ఎందుకంటే తర్వాత చాలా ఏళ్ళు నాకు తెలియనట్టు నాతో నేనే నటించాను.

పిలుపు రాగానే సినిమా ఆపేసి, చెప్పులేసుకుంటూనే చీటీ రాసేది. ఒక్కో డిస్కు పెట్టెలో ఒక్కో చీటీ. వార్డులో డ్యూటీ దిగేటప్పుడు తర్వాత వచ్చే నర్సుకి రాసిపెట్టినట్టే. ఏ నిమిషంలో ఆపిందో ముందు రాసేది, తిరిగొచ్చాక మిగతాది. రెండో భాగం చీటీ నాకు కంఠతా వచ్చు. '34వ నిమిషం. పిలుపు. సంతవీధి. మగ, రెండు కిలోల ఎనిమిది వందలు. తల్లీ బిడ్డా క్షేమం.' దాని కింద, '52వ నిమిషం. పిలుపు. స్టేషను వెనక. నొప్పులు కావు, అజీర్తి.' ఇవన్నీ ఎవరు చదువుతారండీ అంటే, "రాయకపోతే తరవాతోళ్ళకి ఏటి తెలస్తాది?" అనేది. తర్వాతవాళ్ళెవరో నేను అడగలేదు.

ఆరో భాగం ఏడాదికి గాని దొరకలేదు. సెలవులకి వెళ్ళినప్పుడు విజయనగరం గంటస్తంభం దగ్గర, మూసేస్తున్న ఒక సీడీ కొట్టులో, గుట్టలో అడుగున కనబడింది. తెచ్చి చేతిలో పెడితే పెట్టెని పైటకొంగుతో తుడిచి, వెనక రాసినది చదవకుండా బోర్లించింది, ముగింపు రాసేసి ఉంటుందేమోనని. ఆదివారం దాకా పెట్టనన్నది. ఆ మూడు రోజులూ ఇల్లంతా తిరిగింది. కాన్పుకి సిద్ధం చేస్తున్నట్టు నీళ్ళు కాచడం, అవి చల్లారడం, మళ్ళీ కాచడం.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, డిస్కు తుడిచి పెట్టింది. అలవాటుగా గుమ్మానికి ఆనుకుంది.

"ఈ ఒక్కటీ కూర్చుని చూడండి" అన్నాను.

"వద్దే."

"నేనున్నాను కదండీ. గేటు సంగతి నేను చూసుకుంటాను."

కూర్చుంది. ఆ ఇంట్లో ఏడాదిన్నర ఉన్నాను, ఆవిడ టీవీ ముందు కూర్చోగా చూడడం అదే. కుర్చీలో ఆవిడ చిన్నపిల్లలా కనబడింది, పాదాలు నేలకి సరిగ్గా ఆనలేదు. ఎండ తెర మీద పడుతోందని వీధి తలుపు నేనే మూశాను. సౌండు కూడా నేనే పెంచాను.

డెబ్భయ్యో నిమిషం దాటాక, బయట గేటు గడియ కదిలినట్టయి నేను లేచాను. ఆవిడ చూపు తిప్పలేదు. తలుపు నా వెనక దగ్గరగా వేసి బయటికి వచ్చాను. గేటు దగ్గర ఒకతను, ఒక కాలికే చెప్పుంది.

"సిస్టరమ్మ ఉన్నాదా? ఓపాలి రమ్మన్నారు."

ఇంకా ఇరవై నిమిషాల సినిమా ఉంది.

"లేరండీ" అన్నాను. "ఎక్కడికో వెళ్ళారు."

"సర్చికేటి?"

"ఏమో. అయ్యుండొచ్చు."

అతను పరిగెత్తాడు. నేను లోపలికొచ్చి తలుపేశాను. "ఎవులే?" అంది, తెర మీంచి చూపు తియ్యకుండా. "ఎవరూ లేరు. మేక" అన్నాను.

ఆవిడకి మంచి చెయ్యాలనే చేశానని రాస్తే నాకు బాగుంటుంది. సగమే నిజం. ఆవిడ లేచి వెళ్ళిపోతే నాకు కోపం వచ్చేది. నేను తెచ్చిన డిస్కు, నేను కూర్చోబెట్టిన మనిషి. ఆ ముఖంలో సంతోషం నేను చూడాలి. అదీ నా తొందర.

ఓడ దిగింది. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "దిగేరే" అంది. "దిగేరే పిల్లా! సూడు, నేల తడిగా ఉన్నాది." కళ్ళు తుడుచుకుని, లేచి, చీటీ తీసి రాసుకుంది. నాకు చూపించింది కూడా. 'పూర్తి. పిలుపు లేదు.'

మర్నాడు ఊరంతా తెలిసింది. అతను చర్చికీ, అక్కణ్ణుంచి ఇంకో ఇంటికీ తిరిగి, అరగంట పోగొట్టి, చివరికి ఆటోలో వదినగారిని టెక్కలి బయల్దేరదీశాడు. దారిలోనే బిడ్డ వచ్చేసింది. భుజం అడ్డం పడితే ఆటోలో ఉన్న ఆడవాళ్ళు కంగారులో లాగారు. తల్లి బాగానే ఉంది. ఆడపిల్ల. కుడిచెయ్యి భుజం నుంచి వేలాడిపోయింది.

సిస్టరమ్మ నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నిన్న ఎవులేనా వచ్చేరా?" అని అడిగింది.

"లేదండీ" అన్నాను.

ఆవిడ నా ముఖం చూసింది. రోగి అబద్ధం చెబితే నర్సుకి తెలియదా! "సరే" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. మాటలు తగ్గించలేదు, కూర ఇవ్వడం మానలేదు. అదే నాకు నరకమైంది. రోజూ పొద్దున్నే నూనె సీసా పట్టుకుని ఆ పిల్ల ఇంటికి బయల్దేరేది. నేను ఆ వీధి వైపు వెళ్ళడం మానేశాను. డిస్కుల డబ్బా మళ్ళీ బయటికి రాలేదు. గేటు దగ్గర పిలుపులు కూడా తగ్గిపోయాయి. 108 బండి అలవాటైపోయిందిలే అనుకున్నాను. ఆ వేసవికే విజయనగరంలో ఉద్యోగం చూసుకుని వచ్చేశాను. ఆవిడ బస్సు దాకా వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "ఒంట్లో జాగర్త" అంది. ఎనిమిదేళ్ళు నేను ఉత్తరం ముక్క రాయలేదు, ఫోను చెయ్యలేదు.

నిన్న శనివారం డబ్బా తెరిచాను. ఆరు డిస్కులూ వరసగా ఉన్నాయి, చేపల వాసన ఇంకా ఉంది. ఆరో పెట్టె తీశాను. చీటీ ఒకటి కాదు, దానికి పిన్నుతో గుచ్చి ఇంకా చాలా ఉన్నాయి. మొదటి దాని మీద 'పూర్తి. పిలుపు లేదు' అన్నది అడ్డంగా కొట్టేసి ఉంది. కింద వేరే సిరాతో ఇలా ఉంది.

'71వ నిమిషం. పిలుపు. వెళ్ళలేదు. ఆడ. కుడిచెయ్యి.'

వెళ్ళలేదు. చెప్పలేదని కాదు, దాచారని కాదు. నా పేరు ఎక్కడా లేదు. ఆ కింద ఒక్కో వరసా ఒక్కో రోజు: 'రానివ్వలేదు.' 'రానివ్వలేదు.' 'రానివ్వలేదు.' రెండు చీటీల నిండా అదే మాట. తర్వాత 'వరండా దాకా.' తర్వాత 'మోచెయ్యి కొంచెం వంచింది.' సంవత్సరాల తరబడి, అక్కడొకటి ఇక్కడొకటి: 'గ్లాసు ఎత్తింది.' 'భుజం దాకా లేచింది.' ఆఖరి చీటీలో చెయ్యి వణికిన అక్షరాలతో, 'జడ తనే వేసుకుంది.'

ఎందుకు రానివ్వలేదో నాకు అర్థం కాలేదు. వాళ్ళకి తెలిసినంతలో ఆవిడ ఆ రోజు ఇంట్లో లేదు. ఆవిడ మీద వాళ్ళకి కోపం దేనికి? రాత్రంతా దొర్లి, పొద్దున్నే మొదటి బస్సెక్కాను.

ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గేటు దగ్గరికి ఒక పిల్ల వచ్చింది, రెండు జడలు, ఎనిమిదేళ్ళుంటాయి. పైనున్న గడియ కోసం కుడిచెయ్యి ఎత్తింది. మోచెయ్యి కొంచెం బయటికి తిరిగింది, నెమ్మదిగా వెళ్ళింది, కాని వెళ్ళింది. గడియ తీసి లోపలికి కేకేసింది. "అమ్మా, నీకోసం ఎవులో వచ్చేరు!"

తల్లి పిండి చేతులతో బయటికి వచ్చి నన్ను గుర్తుపట్టింది. సిస్టరమ్మ తమ్ముడు ఇచ్చిన చీటీలు చూసి వచ్చానని చెప్పాను. మొదట్లో ఆవిడని ఎందుకు రానివ్వలేదని అడిగాను.

"ఎందుకు రానిస్తాం టీచరమ్మా?" అంది. "ఆయమ్మే సెప్పింది కదా. మూడోనాడు వచ్చి మా అత్త ముందర నిలబడి, 'నాను ఇంట్లోనే ఉన్నాను, సినిమా సూస్తన్నాను, ఎవులొచ్చినా లేనని సెప్పమన్నాను, టీచరమ్మ తప్పేటీ లేదు, పరాయి ఊరి పిల్ల, దాన్నేటీ అనకండి' అని. మా అత్త వీధి వీధంతా సెప్పీసింది. తరవాత ఎవులు పిలుస్తారు ఆయమ్మని?"

గేటు దగ్గర పిలుపులు ఎందుకు ఆగిపోయాయో అప్పటికి తెలిసింది నాకు. నలభై ఏళ్ళు ఆవిడ చెవి పెట్టుకుని నిలబడింది దానికోసమే.

"కాదు" అన్నాను. "ఆవిడ చెప్పమనలేదు. ఆవిడకి వినబడనే లేదు. నేనే లేరని చెప్పాను. మర్నాడు అడిగితే మళ్ళీ అబద్ధమాడాను."

ఆ తల్లి చేతులకున్న పిండి దులుపుకుంది.

"ఆయమ్మ పోయినాక వచ్చి సెప్తన్నావేటి?" అంది.



"ఆరు నెల్లు" అంది, నాతో కాదు, గేటు వైపు చూస్తూ. "ఎండలో, వానలో, నూనె సీసా పట్టుకుని అదిగో అక్కడ నిలబడీది. బిడ్డ సెయ్యి ఎలగ తిప్పాలో గేటవతల నుంచే సెప్పీది. ఒక్కనాడు కూకోమనలేదు నాను."

ఈలోగా ఆ పిల్ల లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. కాళ్ళు నేలకి రాసుకోకుండా రెండు చేతులతోనూ పైకెత్తి తెచ్చి, నా ముందు పెట్టింది.

"కూకోండి" అంది.

నేను నిలబడే ఉన్నాను.